పిల్లలకి మర్యాద నేర్పేముందు ఇంట్లో గ్లాసులు చూసుకోండి

మాది గోదావరి పాయలు వశిష్ఠకీ వైనతేయకీ మధ్య, రాజోలు దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. ఇంటి వెనక ఎకరన్నర కొబ్బరి తోట ఉంది. రెండు నెలలకోసారి దింపు, అంటే చెట్లెక్కించి కాయలు కోయించడం, తీయిస్తాం. తీసే ఆయనకి అరవై దాటాయి. అయినా కాళ్ళకి తాడు బిగించారంటే మనం ఇటు తిరిగి అటు చూసేలోగా మొవ్వ దగ్గరుంటారు. మొన్న సంక్రాంతి ముందు దింపులో ఆయన చెట్టు మీద ఉండగా మా మనవడు కింద నిలబడి, "ఒరేయ్, నాకో బొండం కోసి పడెయ్" అని కేకేశాడు. వాడికి ఎనిమిదేళ్ళు.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. 36 ఏళ్ళు ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ‘పెద్దలను గౌరవించాలి’ అని ఎన్ని వందల పలకల మీద రాయించానో లెక్కలేదు. అదే పిల్లాడు ఆ పొద్దున్నే ఎరువుల కొట్టు ఆయనతో, "ఆయ్, అమ్మమ్మ ఇంట్లోనే ఉన్నారండి" అని ఎంత ముద్దుగా చెప్పాడో. అంటే మర్యాద రాక కాదు. ఎవరికి ఎంత కొలిచి పోయాలో కూడా వచ్చేసిందన్నమాట.

లోపలికి పిలిచి, "తాతని అలా అనొచ్చా?" అన్నాను. "నువ్వూ అలాగే అంటావుగా అమ్మమ్మా" అన్నాడు. మా అమ్మాయి కువైట్‌లో నర్సు, అల్లుడూ అక్కడే. వీడూ, పదకొండేళ్ళ వాళ్ళ అక్కా నా దగ్గరే పెరుగుతున్నారు. నేరం నెట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత ఈ ఆరు నెలల్లో మా ఇంట్లో ఏం చేశామో, బడిలో నేను ముందే చేసి ఉండాల్సినవి ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంటికి పనికొచ్చినంత తీసుకోండి.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఎడమవైపు మీ ఇంటికి వచ్చేపోయేవాళ్ళు, కుడివైపు మీరు పిలిచే పిలుపు. ఇంతే. ఎవరికీ చూపించక్కర్లేదు.

నా కాగితం ఇలా వచ్చింది. ఎరువుల కొట్టు ఆయన: గారు, మీరు. పోస్టుమాస్టరు: గారు, మీరు. ఆటో కుర్రాడు: నువ్వు. (చిన్నవాడు, సరే.) బట్టలుతికే ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్ద: పేరు పెట్టి, నువ్వు. దింపు ఆయన: ఎదురుగా ఉంటే ఒరేయ్, లేనప్పుడు వాడు. కాయలు ఒలిచేవాళ్ళు నలుగురు: ఇన్నేళ్ళుగా వస్తున్నా ఇద్దరి పేర్లే తెలుసు. వయసును బట్టి మర్యాద ఇస్తున్నామనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాగితం చూస్తే అందులో వయసు లేదు. కులం ఉంది, కాస్త డబ్బు కూడా ఉంది.

గోదావరి జిల్లాల వాళ్ళం ‘ఆయ్’, ‘అండి’ అంటామని లోకమంతా చెప్పుకుంటుంది. మనకీ అది గొప్పే. ఆ గొప్ప ఎవరి దగ్గర ఆగిపోతోందో పిల్లలకి మనకంటే ముందే తెలుస్తుంది.

మార్చడం చెప్పినంత తేలిక కాదు. నేను ఉన్నట్టుండి "రండి, కూర్చోండి" అంటే దింపు ఆయన కంగారుపడ్డారు. "ఇదేంటమ్మా కొత్తగా, నామీద కోపమొచ్చిందా?" అన్నారు. పేరు పక్కన ‘గారు’ తగిలిస్తే నాటకంలా వినబడింది. చివరికి పనిచేసింది వరస. పిల్లలకి ఆయన ‘దింపు తాత’, బట్టల ఆవిడ ‘పెద్దమామ్మ’. వరస పెట్టాక "ఎక్కుతావా" అన్నది "ఎక్కుతారా" అయిపోవడానికి పది రోజులు పట్టలేదు. నా నోటికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. పిల్లాడు నోరు జారితే ఆ మనిషి ఎదుటే దిద్దకండి. మీరు పిల్లాడిని తిడుతుంటే మధ్యలో ఆయన, "పోన్లెండమ్మా, చిన్నపిల్లాడు" అని మీ మనవడికే వకాల్తా పుచ్చుకోవాల్సి వస్తుంది. అవమానం పడిందీ ఆయనే, సర్దిచెప్పేదీ ఆయనేనా? లోపలికి పిలిచి చెప్పండి. మర్నాడు వాడిచేతే ఏదో ఒక పని మీద ఆయన్ని పలకరింపజేయండి, సరైన మాటతో.

గ్లాసు సంగతి

మా ఊరి కాలువకి నీళ్ళు గన్నవరం ఆక్విడెక్టు మీదుగా వైనతేయ దాటి వస్తాయి. కొత్త ఆక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 2024 నుంచి బడిలో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. మా మనవడికి ఆ పేరు అన్నం గిన్నె మీద చూసిన పేరు. ఒక రాత్రి కథ చెప్పాను. ఆవిడ 1841లో పుట్టి 1909లో పోయారనీ, లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన వాళ్ళకి వేళాపాళా, కులంగిలం చూడకుండా వండి పెట్టారనీ. అంతర్వేది యాత్రకి బయల్దేరిన ఆవిడ, దారిలో ఎవరో పిల్లలు ఆకలంటుంటే, "గన్నవరం చేరితే సీతమ్మగారు పెడతారు" అని పెద్దవాళ్ళు ఊరడించడం విని, దర్శనం మానుకుని ఇంటికి తిరిగొచ్చేశారని మా ప్రాంతంలో చెప్పుకునే కథ కూడా చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మరి దింపు తాతకి మనం మెట్ల కింద గ్లాసెందుకు పెట్టాం?" అన్నాడు.

ఆ గ్లాసు మా అత్తగారి కాలం నుంచీ ఉంది. అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు. దాన్ని నేను ఎప్పుడూ ‘వేరే గ్లాసు’ అనుకోలేదు, ‘బయట గ్లాసు’ అనుకున్నాను. అలాంటి మాటలు మనకి చాలా ఉన్నాయి.

సిగ్గుపడాల్సిన మరో సంగతీ చెబుతాను. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి మా ఊళ్ళో సగంమంది బడి గదుల్లోనే ఉన్నారు. చీకటి, హోరు, ఎవరి ఒళ్ళో ఎవరి పిల్లలున్నారో తెలీదు. మర్నాడు ఒకే డేగిసాలో గంజి కాచి, దొరికిన నాలుగు గ్లాసులతోనే అందరం తాగాం. ఎవరికీ ఏమీ కాలేదు. చెట్లన్నీ పడిపోయాయి గానీ ఆ మెట్ల కింద గ్లాసు మాత్రం ఎక్కడికీ పోలేదు. నెల తిరక్కుండా మళ్ళీ దాని చోటుకి అది వచ్చేసింది. పెట్టింది నేనే.

కాబట్టి ఇంట్లో ఈ చోట్లు వెతకండి: మెట్ల కింద, పిట్టగోడ మీద, దొడ్లో కుళాయి పక్కన. వేరే గ్లాసు, వేరే కంచం, వేరే చాప, పనావిడ కూర్చోకూడని కుర్చీ. దొరికితే పిల్లలు చూస్తుండగా తీసేయండి, ఎందుకు తీస్తున్నారో చెప్పి మరీ. "ఇన్నాళ్ళూ తప్పు చేశాం" అన్న ఒక్క ముక్క చాలు. గుట్టుగా మాయం చేస్తే వాళ్ళకి అదేదో రహస్యమని అర్థమవుతుంది. నేను ఒకే రకం గ్లాసులు డజను కొన్నాను, ఏది ఎవరిదో నాకూ తెలీకుండా.

బడిలో అన్నం

నేను పనిచేసిన ఒక బడిలో కొత్తగా వంటావిడ చేరిన వారానికి ఆరుగురు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తేవడం మొదలుపెట్టారు. అడిగితే "కడుపునొప్పండి" అన్నారు. ఆరుగురికీ ఒకే వారంలో కడుపునొప్పి! ఆవిడ ఎస్సీ పేట నుంచి వచ్చారు, అదీ జబ్బు.

బళ్ళలో వండిన భోజనం పెట్టమని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వులో వంటవాళ్ళుగా, సహాయకులుగా దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వమని కూడా చెప్పింది. ఇది తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాను. ఎవరూ కిక్కురుమనలేదు, క్యారేజీలూ ఆగలేదు. అప్పుడు నేను నా డబ్బా ఇంట్లో వదిలేసి పిల్లల వరసలో నేల మీద కూర్చుని ఆవిడ వండిందే తినడం మొదలుపెట్టాను. పప్పు బాగుండేది, అది నిజం. నెల తిరిగేసరికి నలుగురు కలిశారు. ఇద్దరు ఐదో తరగతి అయ్యేదాకా క్యారేజీతోనే వచ్చారు. అన్నీ గెలవం.

టీచర్లెవరైనా చదువుతుంటే ఒక్కటే చెబుతాను. ఈ విషయంలో ఉపన్యాసం కంటే విస్తరి ముందు కూర్చోవడం నయం. కోడిగుడ్డు తినని పిల్లలుంటారు కదా, వాళ్ళని కూడా ఎవరూ ఎకసెక్కం చేయకుండా చూసుకోండి. తినడమూ తినకపోవడమూ వాడిష్టం. పక్కవాడి కంచం ముట్టనంటే మాత్రం ఇష్టం అని వదిలేయడానికి లేదు.

బస్సులో గట్టిగా అడిగే ప్రశ్నలు

"అమ్మమ్మా, ఆ మావయ్యకి చెయ్యి లేదేంటి?" బస్సంతా వినబడేలా. మనం వెంటనే నోరు మూసేస్తాం, చెయ్యి గిల్లుతాం. పిల్లకి అర్థమయ్యేదల్లా ఆ మనిషి గురించి మాట్లాడటమే తప్పని, ఆయనలో ఏదో భయపడాల్సింది ఉందని. నేనిప్పుడు మామూలు గొంతుతోనే జవాబు చెబుతాను: "అవును, ఒక చెయ్యి లేదు. ఇంకో చేత్తో పనులు చేసుకుంటారు. ఎందుకు పోయిందనేది ఆయన సంగతి, చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు." ఆయన మనవైపు చూస్తే నవ్వి నమస్కారం పెట్టించండి. ‘అయ్యో పాపం’ మాత్రం వద్దు. పక్కసీటువాళ్ళు అన్నా సరే, మీరు శ్రుతి కలపకండి.

రైల్లో, కొట్ల దగ్గర హిజ్రాలు వచ్చినప్పుడూ ఇంతే. పుట్టినప్పుడు చుట్టూవాళ్ళు మగపిల్లాడనుకుంటారు, పెరిగాక వాళ్ళకి తాము అది కాదని తెలుస్తుంది, 2014లో సుప్రీంకోర్టు కూడా వాళ్ళని మూడో జెండర్‌గా గుర్తించింది అని చెబితే ఎనిమిదేళ్ళ వాడికి చాలు. వెక్కిరించే పేర్లు ఇంట్లో వాడకండి.

మూడో తరగతిలో ఒకప్పుడు నాకు వినికిడి లేని పాప ఉండేది. మిగతావాళ్ళు వెనకనుంచి చప్పట్లు కొట్టి, నిజంగా వినబడదా అని పరీక్షలు పెట్టేవాళ్ళు. రెండు బెత్తం దెబ్బలు వేశాను, పరీక్షలు నా వెనకాల సాగాయి. మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది. అక్కడి టీచరు ఒకరోజు వచ్చి అరగంట మాట్లాడారు: పాపతో మాట్లాడేటప్పుడు ఎదురుగా రండి, మీ మొహం మీద వెలుగు పడేలా నిలబడండి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవద్దు, పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టండి, అర్థం కాకపోతే అదే మాట గట్టిగా అరవకుండా వేరే మాటల్లో చెప్పండి. పిల్లలకి చేయడానికి ఏదో ఒకటి దొరికేసరికి పరీక్షలు ఆగిపోయాయి. వారంలో వాళ్ళు సొంతంగా సైగలు పుట్టించారు. నాకో సైగ ఉండేది, కళ్ళద్దాలు ముక్కు మీదకి జారడం. పాపే కనిపెట్టిందట.

ఊళ్ళో వాడుక పేర్ల సంగతి మీకు చెప్పాలా? కుంటి, నత్తి, మెల్ల, నల్ల, పొట్టి. ఆ ముక్క చేరిస్తేగానీ ఫలానా మనిషని తెలీదంటారు. పెద్దవాళ్ళు మానరు, ఆ ఆశ నాకు లేదు. మా ఇంటి గడప లోపల మాత్రం ఆ పేర్లు నిషేధం. గుర్తు చెప్పాలంటే "రేవు పక్కింటి మావయ్య" అంటున్నారు, పోస్టు చక్కగానే చేరుతోంది.

పైకి కనబడని తేడాలూ ఉంటాయి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో వాటిని 21కి పెంచారు. అందులో చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బందులు కూడా ఉన్నాయి. అక్షరాలు తిరగేసి రాసే ఒక అబ్బాయిని నేను రెండేళ్ళు ‘మొద్దు’ అని పిలిచాను, ప్రేమగానే అనుకోండి. క్లాసంతా అదే పేరు పట్టుకుంది. దానికి ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు.

యాసలు, ప్రసాదాలు

రొయ్యల చెరువుల మీద కాపలాకి, ఇటుక బట్టీలకి శ్రీకాకుళం, ఒడిశా వైపు నుంచి కుటుంబాలు వస్తుంటాయి. వాళ్ళ పిల్లలు "ఏటి" అంటే మనవాళ్ళు పడీపడీ నవ్వుతారు. మా మనవరాలు కూడా నవ్వింది. వాళ్ళమ్మకి ఫోన్ చేయించాను. హైదరాబాద్ హాస్టల్‌లో మొదటి ఏడాది "ఆయ్" అన్నప్పుడల్లా గదిలో అందరూ ఎలా వంతపాడేవాళ్ళో, చివరికి క్లాసులో నోరు తెరవడమే ఎలా మానేసిందో మా అమ్మాయి చెప్పింది. నాకూ అప్పుడే తెలిసింది. మర్నాడు మనవరాలు ఆ పిల్లని అడిగి పది మాటలు నేర్చుకొచ్చింది, ఇవతలి పది నేర్పిందట. నవ్వకూడదని చెప్పడం కంటే నేర్చుకురమ్మనడం తేలిక.

మతం దగ్గర పిల్లలు వేరేలా నొచ్చుకుంటారు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం తీసుకెళ్తే పక్కింటి చర్చికి వెళ్ళే పిల్ల "మేం తినం" అంది. మా వాడు ఏడుపు మొహంతో వచ్చాడు. నేనేమన్నానంటే, "నిన్ను వద్దనలేదు, ప్రసాదం వద్దంది. సాయంత్రం జామకాయలు పట్టుకెళ్ళు." పట్టుకెళ్ళాడు, తిన్నారు. గౌరవం అంటే అందరూ అన్నీ తినేయడం అని కొందరు నేర్పుతారు, నాకు అది నచ్చదు. వద్దన్నవాళ్ళ మీద అలగకుండా ఉండటం అంతకంటే కష్టం, అందుకే చిన్నప్పుడే అలవాటు కావాలి. మొన్న రంజాన్ నెలలో మా అమ్మాయి వీడియో కాల్‌లో మంచినీళ్ళు తాగడానికి గది తలుపేసుకుంది. అక్కడ ఆ నెలలో పగలు అందరిముందూ తినడం, తాగడం చట్టరీత్యా కుదరదు. "చట్టం లేకపోయినా నాతో పనిచేసేవాళ్ళు ఉపవాసంలో ఉంటే వాళ్ళ ముందు తాగబుద్ధి కాదురా" అంది. వాడు దాని గురించి ఇంకేం అడగలేదు.

"మనం ఎటువైపు?"

2022 మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురం తగలబడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళనలో ప్రజాప్రతినిధుల ఇళ్ళకి నిప్పు పెట్టారు, బస్సులు కాల్చారు. కొన్నాళ్ళు ఇంటర్నెట్ లేదు. అప్పుడు ఏడేళ్ళ మా మనవరాలు, అరుగు మీద పెద్దవాళ్ళ మాటలు విని, "అమ్మమ్మా, మనం ఎటువైపు?" అని అడిగింది.

నేను టీవీ కట్టేసి, "అవి పెద్దవాళ్ళ విషయాలు" అన్నాను. ఆ జవాబు వల్ల అది అడగడం మానలేదు, నన్ను అడగడం మానేసింది. ఏడాది తర్వాత దాని నోటి నుంచి వచ్చిన మాటలు వింటే అరుగు మీది జవాబులన్నీ దాని దగ్గరున్నాయి.

ఇప్పుడైతే ఇలా చేస్తాను. మొదట జరిగింది జరిగినట్టు రెండు వాక్యాల్లో. తర్వాత, ఎవరి ఇల్లు తగలబెట్టినా తప్పేనని. ఆ తర్వాత ఆ పేరు ఎవరిదో. నీలం కోటు, చేతిలో పుస్తకం ఉన్న విగ్రహం పిల్లలందరికీ తెలుసు, ఆ మనిషి చిన్నప్పటి సంగతి తెలీదు. సతారాలో చదువుకునేటప్పుడు ఆయన మిగతా పిల్లలతో కలిసి కూర్చోకూడదు. విడిగా గోనె పట్టా మీద కూర్చోవాలి, ఆ పట్టా రోజూ ఇంటి నుంచి తెచ్చుకుని సాయంత్రం పట్టుకెళ్ళాలి. దాహమేస్తే కుళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు, ఆయన లేని రోజు నీళ్ళు లేవు. ఆ పిల్లాడే పెద్దయ్యాక రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడయ్యారు, ఆ రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇది చెప్పాక "ఎటువైపు" అన్న ప్రశ్నకి మనవరాలే జవాబు వెతుక్కుంది. పెద్ద జవాబేం కాదు, "ఆ పట్టా ఎవరు మోయమన్నారో వాళ్ళవైపు కాదు" అంది.

మా బంధువుల్లో కొందరికి ఇవన్నీ గిట్టవు. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళని "మీరేమిట్లు?" అని, అంటే ఏ కులమని, అడక్కుండా వాళ్ళకి ముద్ద దిగదు. పిల్లలనీ అడుగుతారు. పిల్లలచేత ఎదురు మాట్లాడించకండి, చీవాట్లు వాళ్ళకే తగుల్తాయి. మా వాళ్ళకి "మాది రాజోలు పక్కనండి" అనడం నేర్పాను. కొందరు మళ్ళీ అడుగుతారు. మళ్ళీ అదే జవాబు.

క్షమాపణ దగ్గర మాత్రం నేను తొందరపడ్డాను. బొండం గొడవ రోజునే వాడిని లాక్కెళ్ళి "సారీ చెప్పు" అన్నాను. వాడు నేల చూస్తూ గొణిగాడు, ఆయన ఇబ్బందిపడి తాడు సర్దుకున్నారు. బలవంతపు సారీ ఇద్దరికీ శిక్షే. రెండో దింపుకి వాడంతట వాడే చెంబుతో మజ్జిగ తెచ్చి, "తాతా, తాగండి" అన్నాడు. అది సరిపోయింది.

కొత్త గ్లాసులు వచ్చాక మూడు దింపులయ్యాయి. ఆయన ఇప్పటికీ నీళ్ళు తాగి, గ్లాసు కుళాయి దగ్గర కడిగి, పిట్టగోడ మీద బోర్లిస్తారు. "కడగక్కర్లేదండి" అంటే, "అలవాటమ్మా" అంటారు. ఆయన వెళ్ళాక మనవడు దాన్ని తెచ్చి మిగతా గ్లాసుల్లో కలిపేస్తాడు.